పైకి కనబడని ఆందోళన

(రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నాకు వ్రాసిన ఉత్తరములో "జీవితమున విజయము సాధించుట ఎట్లు" అను విషయమును గూర్చి మాట్లాడవలెనని కోరినారు. ఈ గ్రంథాలయము తెరచిన మొదటి సంవత్సరమున చందా కట్టి, అదిగో ఆ కిటికీ ప్రక్క బల్లమీద పరీక్షలకు చదువుకొన్న పిల్లవాడు నేడొక మందుల కర్మాగారమున నాణ్యతా విభాగమునకు పెద్ద అయినాడు గనుక, వారట్లు కోరుటలో తప్పు లేదు. కాని ఆ విషయముపై మాట్లాడినచో మీకు సగము నిజమే చెప్పినవాడనగుదును. మిగిలిన సగము చెప్పుకొనుటకు అనుమతి వేడితిని. వారొక దినము ఆలోచించి, "సరే బిడ్డా, జనాన్ని మరీ భయపెట్టకు" అన్నారు. భయపెట్టుటకు రాలేదు, భయమును గూర్చి మాట్లాడుటకే వచ్చితిని.

ఆందోళన అన్న మాట మన ప్రాంతమున వినబడగానే ఫ్యాక్టరీ గేటు ముందర జెండాలు, నినాదములు జ్ఞప్తికి వచ్చును. అది నలుగురు కూడి పగటివేళ చేయునది. నేను చెప్పబోవునది ఒక్కడే, నోరు విప్పక, రాత్రి రెండు గంటలవేళ పడునది. వానిని చూచి వీనికేమి లోటని ఊరంతయు అనుకొనును. వాడు అందరికంటె ముందు పనికి చేరును, గడువుకంటె ముందే పని ముగించును, ఎవరికిని కాదని చెప్పలేడు. అందరును వానిని మెచ్చుకొందురు. ఆ మెప్పు వానికి ఒక్క గడియకంటె ఎక్కువ నిలువదు.

నా సంగతియే చెప్పెదను. మా విభాగమున ప్రతి బ్యాచి కాగితములపైన ఇద్దరు సంతకము చేయుదురు; ఒకరు పరీక్షించినవారు, ఒకరు సరిచూచినవారు. ఆ ఇద్దరి తరువాత నేను వానిని మూడుమార్లు చదివెడివాడను. ఇంటికి వచ్చిన పిమ్మట రాత్రి షిఫ్టువారికి ఫోను చేసి, నమూనాలు శీతల గదిలో పెట్టితిరా అని అడిగెడివాడను. వారు పెట్టితిమనిన అరగంటకు మరల అడిగెడివాడను. కడుపులో మంట యని ఒక వైద్యునియొద్దకు, మెడనొప్పి యని వేరొకరియొద్దకు తిరిగితిని. 2019లో ఒక రాత్రి గుండె దడదడ కొట్టుకొని, చేతులు చల్లబడి, ప్రాణము పోవుచున్నదని తలచి ఆసుపత్రికి పరుగెత్తితిమి. గుండె పరీక్ష బాగున్నది, రక్తపరీక్ష బాగున్నది. అక్కడి చిన్న డాక్టరు, "మీకేమైనా దిగులున్నదా?" అని మెల్లగా అడిగినాడు. "నాకేమి దిగులు?" అని కసరి వచ్చితిని. ఆ సంవత్సరమే మా సంస్థవారు నాకు ఉత్తమ ఉద్యోగి యని శాలువ కప్పినారు.

మా అవ్వ మాత్రము కనిపెట్టినది. "గింత మంచి నౌకరి, ఇల్లు, పిల్లలు, నీకేం తక్కువ కొడుకా? మరి అన్నం ముందట కూసొని గోడ జూస్తవేంది?" అన్నది. ఆ ప్రశ్నలో మొదటి సగము అందరును అడుగుదురు. రెండవ సగము అడిగినది ఆమె యొక్కతెయే.

పైకి చక్కగా పనిచేయువారి ఆందోళన అను పేరు ఇప్పుడు విరివిగా వినబడుచున్నది గాని, అది వైద్యగ్రంథములలోని రోగనామము కాదు. ఇట్టివారిని పరీక్షించిన వైద్యులు పలుమార్లు గుర్తించునది సర్వసాధారణ ఆందోళన వ్యాధి. నెలల తరబడి, దాదాపు ప్రతిదినమును, ఒక విషయమని కాక పలు విషయములపై అదుపు తప్పిన చింత యుండుట, దానితోడ కండరముల బిగువు, నిద్రలేమి, అలసట, చిరాకు కలుగుట దాని లక్షణములు. మనిషి పని పాడైనచో ఇంటివారు వైద్యునియొద్దకు తీసికొనిపోవుదురు. పని పాడుకానిచో ఎవరు తీసికొనిపోవుదురు? బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థవారు 2015–16లో పన్నెండు రాష్ట్రములలో జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వేలో, సామాన్య మానసిక రుగ్మతలు గలవారిలో నూటికి ఇంచుమించు 85 మందికి చికిత్స అందుటలేదని తేలినది. మన రాష్ట్రము ఆ పన్నెండింటిలో లేదు. ఉన్నచో లెక్క మరియొకటిగా నుండెడిదని నేననుకొనను.

మన దారి వెంబడి జరిగిన మార్పును కూడ తలచుకొనవలెను. 1960లలో రామచంద్రాపురమున బి.హెచ్.ఇ.ఎల్. వచ్చినది. 1972లో పటాన్‌చెరున ఇక్రిశాట్ వచ్చినది. తరువాత పాశమైలారము, బొల్లారము, బొంతపల్లి వైపు మందుల, రసాయనముల కర్మాగారములు, ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారము, ఇటీవల కందిలో ఐ.ఐ.టి. వచ్చినవి. మా బాపుకు చెరువు నిండునో నిండదో అను భయముండెను. కాని చెరువు నిండకపోయిన ఆ కరువు ఊరంతటిది. ఆ భయమును అరుగుమీద నలుగురు పంచుకొనెడివారు. జీతగాని భయము వాని యొక్కనిదే. ఇంట మొదటి డిగ్రీ చదివినవాడు, మొదటి ఇల్లు కట్టినవాడు, తమ్ముని ఫీజు, చెల్లెలి పెండ్లి తలకెత్తుకొన్నవాడు, తాను జారినచో అందరును జారుదురని నమ్మును. ఆ నమ్మకమునకు కొంత ఆధారమున్నది. కొంత మాత్రమే.

ఇక నా దిండుక్రింది సంగతి. నిద్ర కొరకు ఒక చిన్న మాత్ర మొదలుపెట్టితిని. పేరు ఆల్ప్రజోలం. వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదు, అమ్మినది వేరు రిజిస్టరులో వ్రాయవలెనని 2014 నుండి నియమమున్నది. నేను తెలిసినవాడను గనుక చీటీ లేకయే దొరకినది. సగము మాత్ర ఒకటి అయినది, ఒకటి రెండు అయినది. ఇప్పుడొక మాట వినుడు. తెలంగాణలో కల్తీకల్లులో కలుపుచున్న పొడులలో ఈ ఆల్ప్రజోలం ముఖ్యమైనది. దీనిని దొంగచాటుగా తయారుచేయుచు పట్టుబడినవారి వార్తలు మన జిల్లావే చదువుచున్నాము. 2015లో కల్తీకల్లుపై దాడులు పెరిగినపుడు, అలవాటుపడినవారు హఠాత్తుగా అది దొరకక వణకుతో, మూర్ఛలతో ఆసుపత్రులకు, ఎర్రగడ్డకు చేరినారు. నేను కల్లు కంపౌండు ముందునుండి పోవునపుడు ముక్కు మూసుకొనెడివాడను. వారి సీసాలోనున్నదియు నా జేబులోనున్నదియు ఒకే మందని మందుల పరీక్షకుడనైన నాకు తోచుటకు రెండేండ్లు పట్టినది.

తోచిన నాడే నగరమునకు పోయి ఒక మనోవైద్యుని కలిసితిని. వారు ముందుగా థైరాయిడు పరీక్ష చేయించినారు. ఆ గ్రంథి ఎక్కువగా పనిచేసినను గుండెదడ, చెమటలు ఇట్లే యుండునట. అది కాదని తేలిన పిమ్మట మాత్రను నాలుగు నెలల పాటు కొంచెము కొంచెముగా తగ్గించినారు. ఈ మాత్ర వాడుచున్నవారు ఇక్కడ నెవరైన నున్నచో, నా మాట విని రేపటినుండి మానవద్దు. ఒక్కసారిగా మానిన మూర్ఛలు రావచ్చును. వైద్యుడే తగ్గించవలెను. కొందరికి అలవాటుపడని వేరు మందులు, సెర్ట్రలిన్ వంటివి, ఇత్తురు. అవి పనిచేయుటకు కొన్ని వారములు పట్టును.

ఆ మీదట నన్నొక క్లినికల్ సైకాలజిస్టుగారియొద్దకు పంపినారు. ఆమె వాడినది 1960లలో అమెరికాలో ఆరన్ బెక్ అను వైద్యుడు రూపొందించిన పద్ధతి. ఆయన నూరేండ్లు జీవించి 2021లో గతించినారు. నేను మొదటి దినమే ఆమెతో వాదమునకు దిగితిని: "అమ్మా, నిద్ర ఇప్పించండి, కాని భయమును తీసివేయకండి. భయపడినాను గనుకనే ఇంతవాడనైనాను. అది పోయినచో నా పనియు పోవును." ఆమె నవ్వలేదు. "మీ పనిలో మీ చదువు వాటా ఎంత, అనుభవము వాటా ఎంత, భయము వాటా ఎంత?" అని అడిగినారు. నేను ఆలోచింపకయే భయమునకు ముప్పాతిక ఇచ్చితిని. "అట్లయిన పరీక్షించి చూతము, మీరు పరీక్షించుటే వృత్తిగా గలవారు కదా" అన్నారు.

ఆ మాట నాకు నచ్చినది. ఒక నోటుపుస్తకములో మూడు గీతలు గీయించినారు. ఏమి జరుగునని భయము, ఎంత నమ్మకముగా నున్నది, నూటికి ఎన్ని పాళ్లు, చివరకు జరిగినదేమి. కాగితములు మూడుమార్లు కాక ఒక్కమారే చదువవలెను, వ్రాయవలెను. రాత్రి షిఫ్టుకు ఫోను చేయరాదు, వ్రాయవలెను. ఒక ఆదివారము పిల్లలతో సింగూరు ప్రాజెక్టు చూడబోయి ఫోను సంచిలో నుంచవలెను. అన్నింటికంటె ఆ ఆదివారమే కష్టమైనది. నీళ్లవంక చూచుచు నేను సంచినే చూచితిని.

ఇంకొక పద్ధతి నాకు మిక్కిలి ఉపకరించినది. చింతింపవద్దని మనస్సునకు ఆజ్ఞ వేసినచో వినదు. దానికి వేళ పెట్టవచ్చును. సాయంకాలము ఆరున్నరకు ఇరువది నిమిషములు, ఒకే కుర్చీలో, చింతింపవలెను. మిగిలిన వేళల ఏ చింత వచ్చినను చీటీపై వ్రాసి, ఆరున్నరకు రమ్మని పంపివేయవలెను. మన అంగడి వారమునకొక దినమే యుండును. మిగిలిన దినములలో ఎవడైన గంప దింపినచో అంగడినాడు రమ్మందుము, అట్లే. ఆరున్నరకు చీటీలు తీసి చూచిన సగము చింతలు చల్లారి యుండెను. శరీరపు బిగువు కొరకు కండరములను వరుసగా బిగించి వదలుట కూడ నేర్పినారు; ఎడ్మండ్ జాకబ్సన్ దానిని గూర్చి 1929లోనే గ్రంథము వ్రాసినాడు.

పదునాలుగు వారములలో నలువది రెండు భయములు వ్రాసితిని. ముప్పది ఎనిమిది జరుగనే లేదు. నాలుగు జరిగినవి, నాకు ఎక్కువ నేర్పినవి ఆ నాలుగే. వానిలో నొకటి చెప్పెదను. కొత్తగా చేరిన అమ్మాయి ఒక నమూనాకు తప్పు లేబులు అంటించినది. తానే నా గదికి వచ్చి, "సార్, ఒకటి చెప్పాలె, తిట్టరు గదా?" అన్నది. తిట్టలేదు. ఇద్దరము కూర్చుండి జరిగినది జరిగినట్లు వ్రాసి, నమూనా మరల తీయించి, పరీక్ష మరల చేయించితిమి. పోవుచు ఆమె అన్నది: "ఇంతకు ముందైతే మీకు చెప్పేటోళ్లం గాదు సార్. మీరు గాబరా పడ్తరని సీనియర్లు చెప్పొద్దన్నరు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు, కాని అది పాత నిద్రలేమి కాదు. నాణ్యతను కాపాడుచున్నదని నేను నమ్మిన భయమే నాణ్యతా విభాగమున నోళ్లు మూయించినది. నేను మూడుమార్లు చదివిన కాగితములలో, నా కంటబడకుండ ఎన్ని చిన్న తప్పులు దాటిపోయినవో! మరుసటి వారము ఆమెకు ఈ మాట చెప్పి, ముప్పాతిక వాటాను కొట్టివేసితిని. ఆ యేడు విదేశీ తనిఖీదారులు వచ్చినపుడు రెండు లోపములు చూపినారు. అంతకు ముందు యేడును రెండే. ఈమారు తనిఖీ ముందు రాత్రి ఆరు గంటలు నిద్రపోయితిని.

అయితే చికిత్స యనగా కార్మికులను భయపడకుమని బుజ్జగించుటయా అని మీలో ఒకరు ఇందాక బయట నన్నడిగినారు. కాదు. 2025 జూన్ 30న పాశమైలారమున జరిగిన పేలుడులో ఎందరు కార్మికులు పోయినారో మీకు తెలియును. మన ఊరిమీదుగా అంబులెన్సులు పోయిన దినమది. ఆవిరి వాసన వచ్చినపుడు, యంత్రము వేడెక్కినపుడు కలుగు భయము వ్యాధి కాదు. దానికి చికిత్స యంత్రమునకు చేయవలెను, మనిషికి కాదు. నిద్రమాత్ర ఇచ్చియో, ధైర్యవచనము చెప్పియో ఆ భయమును ఆర్పజూచువాడు వైద్యుడు కాడు. నేను చెప్పునది అన్నియు సరిగా నున్న వేళను ఆరని భయమును గూర్చి. రెంటిని వేరుచేసి చూచుట నేర్చిన పిమ్మట, నేను మా గదులలోని గాలి మార్పిడిని గూర్చి మునుపటికంటె గట్టిగా అడుగుచున్నాను. కాదనలేనివాడు అడుగనుకూడ లేడు.

పూర్తిగా నయమైనదా అని అడుగుదురేమో. నెలకొకమారు కడుపులో మంట వచ్చును. నోటుపుస్తకము తీయుదును.

ఇక వైద్యునియొద్దకు పోయినచో పిచ్చి యందురను జంకు. ఈ జంకుతో నేను రెండేండ్లు పోగొట్టుకొన్నాను. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము ప్రకారము మీ చికిత్స వివరములు గోప్యముగా నుంచవలెను. ప్రభుత్వమువారి టెలి-మానస్ నంబరు 14416. 2022 అక్టోబరులో మొదలైనది. పగలు, రాత్రి, రుసుము లేకయే తెలుగులో మాట్లాడవచ్చును. సంగారెడ్డిలో అదే యేడు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చినది. అక్కడి ఆసుపత్రిలో విచారింపవచ్చును. నగరమున ఎర్రగడ్డ ఆసుపత్రి యుండనే యున్నది. ఆ పేరు వినగానే వెనుక వరుసలో నవ్వినారు. నేనును ఒకప్పుడు నవ్వినవాడనే.

కార్యదర్శిగారు గడియారము చూచుచున్నారు. నా నోటుపుస్తకమును, పేర్లు కొట్టివేసి, గ్రంథాలయమునకు ఇచ్చుచున్నాను. చందాదారులు కానివారును చదువవచ్చునని కార్యవర్గమువారు ఒప్పుకొన్నారు. ప్రతి నెల రెండవ ఆదివారము సాయంకాలము నేను ఆ కిటికీ ప్రక్క బల్లవద్ద నుందును. ఆసుపత్రికి ఒంటరిగా పోలేనివారెవరైన నున్నచో, పత్రిక చదువ వచ్చినట్లు వచ్చి కూర్చుండవచ్చును. కలిసి పోవుదము. సెలవు.