ఓడినవాడి మట్టిబొమ్మ



డ్రిల్లు అయ్యవారి పేరున జరిగే ఈ సభలో ఆటల గురించే మాట్లాడాలని నిర్వాహకులు షరతు పెట్టారు. నేను బాక్సింగు ఎంచుకున్నాను. నిమ్మనపల్లెలో బాక్సింగేమిటి, టమోటా రేటు గురించి చెప్పరాదా అని ముందు వరసలో ఎవరో గొణుగుతున్నారు. రేటు సంగతి మదనపల్లె మార్కెట్టు చెబుతుంది. నేను పోటీల సంగతి చెబుతాను.

మన చిత్తూరు వైపు ఊళ్లలో భారతం ఉత్సవాలు చూడనివాళ్లు ఇక్కడ ఉండరు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, ఆఖరి రోజు దుర్యోధన వధ. మిట్ట మీద మట్టితో ఒక మహాకాయాన్ని పడుకోబెడతారు. ఆ బొమ్మ దుర్యోధనుడిది. గెలిచిన భీముడు మామూలు మనిషి కొలతలోనే ఉండి, గద పట్టుకుని దాని చుట్టూ తిరుగుతాడు. ముష్టియుద్ధాల చరిత్రను నేను ఆ బొమ్మ వైపు నుంచి చదువుతాను. పోటీ ఎంత గొప్పదో తెలియాలంటే ఓడినవాడి కొలత తీసుకోవాలి.

1927 సెప్టెంబరు 22న షికాగోలో జాక్ డెంప్సీ, జీన్ టన్నీ తలపడ్డారు. ఏడో రౌండులో డెంప్సీ దెబ్బకు టన్నీ కూలాడు. కొట్టినవాడు దూరపు మూలకు వెళ్లాకే రెఫరీ అంకెలు లెక్కపెట్టాలని నియమం. డెంప్సీ పడినవాడి పక్కనే నిలబడిపోయాడు. ఆ ఆలస్యంతో టన్నీకి పది సెకన్లకు బదులు పదమూడు, పద్నాలుగు దక్కాయి. లేచాడు, పాయింట్ల మీద గెలిచాడు. తొడ మీద పడిన గదదెబ్బ గురించి బలరాముడు పెట్టిన తగవులాగా ఇదీ ఇప్పటికీ తెగలేదు. నన్నడిగితే తప్పు డెంప్సీదే. కానీ ఆ ఓటమి తర్వాతే జనం అతణ్ణి ఎక్కువగా నెత్తిన పెట్టుకున్నారు.

అమెరికా వాడు జో లూయిస్, జర్మనీ వాడు మాక్స్ ష్మెలింగ్‌ల కథ అందరికీ తెలిసిందే కనుక త్వరగా దాటుతాను. 1936లో ష్మెలింగ్ గెలిచాడు, హిట్లరు ప్రభుత్వం దాన్ని జాతి విజయంగా చాటుకుంది. 1938 జూన్ 22న న్యూయార్కులో లూయిస్ 124 సెకన్లలో లెక్క తేల్చాడు. చాలామంది కథ అక్కడితో ఆపేస్తారు. అదే ఏడు నవంబరులో బెర్లిన్‌లో యూదుల మీద దాడులు జరిగినప్పుడు ఇద్దరు యూదు పిల్లలను దాచినవాడు ఈ ఓడిన ష్మెలింగే. 1981లో లూయిస్ చనిపోతే అంత్యక్రియల ఖర్చులో చేయి వేసినవాడూ అతనే.

ఇప్పుడు మనీలా. ఇక్కడ కాస్త ఆగుతాను. ముహమ్మద్ అలీ వియత్నాం యుద్ధానికి పోనన్నందుకు 1967లో అతని ప్రపంచ చాంపియన్ పట్టం లాక్కున్నారు. లైసెన్సు లేని ఆ రోజుల్లో అతనికి డబ్బు సర్దినవాడు జో ఫ్రేజియర్. 1971 మార్చి 8న ఇద్దరూ న్యూయార్కులో తలపడితే, పదిహేనో రౌండులో ఎడమచేతి హుక్‌తో అలీని నేలకు దించి ఫ్రేజియరే గెలిచాడు. అలీ ఏం చేశాడు? పోటీ ముందు ప్రతిసారీ అతణ్ణి నోటికొచ్చినట్టు వెక్కిరించాడు, గొరిల్లా అన్నాడు. అలీని అభిమానించేవాళ్లం ఈ మాట మింగి ఊరుకుంటాం. నాకు అది మింగుడుపడదు.

మూడోసారి 1975 అక్టోబరు 1. అమెరికాలో రాత్రి చూడాలి కనుక మనీలాలో పొద్దున పోటీ. హాలు లోపల ఉక్కపోత. మొదటి రౌండ్లు అలీవి, మధ్యవి ఫ్రేజియర్‌వి, ఆ తర్వాత ఫ్రేజియర్ కుడి కన్ను వాచి మూసుకుపోయింది. ఎడమ కంటికి అప్పటికే శుక్లం. 14వ రౌండు ముగిశాక అతని శిక్షకుడు ఎడ్డీ ఫచ్ ఇక చాలన్నాడు. ఫ్రేజియర్ ఒప్పుకోలేదు. ఫచ్ వినలేదు, రింగులో కుర్రాళ్లు ప్రాణాలు పోగొట్టుకోవడం చూసినవాడు ఆయన. అటు మూలలో అలీ లేచి చేయి ఎత్తి, అక్కడికక్కడే కూలబడ్డాడు. బాక్సింగు చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ ఫచ్ నిర్ణయం.

జార్జ్ ఫోర్‌మన్ కథ వేరు. 1974 అక్టోబరు 30న కిన్షాసాలో అలీ తాళ్లకు ఆనుకుని దెబ్బలు కాసుకుంటూ అతణ్ణి అలసిపోనిచ్చి, ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 45వ ఏట, ఆనాడు ఓడినప్పుడు వేసుకున్న ఎర్ర నిక్కరే వేసుకుని మైకేల్ మూరర్‌ను పడగొట్టి ఫోర్‌మన్ మళ్లీ చాంపియన్ అయ్యాడు.

అలీ మనకు దగ్గరగానూ వచ్చాడు. 1980 జనవరిలో మద్రాసు నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎలిస్‌తో ప్రదర్శన పోటీ ఆడాడు. అదే ఏడు అక్టోబరులో లాస్ వేగస్‌లో ల్యారీ హోమ్స్ చేతిలో పదో రౌండు తర్వాత అలీ మూలలోనూ ఇక చాలన్నారు.

ఇక మన తెలుగు పిల్ల, నిజామాబాదు నిఖత్ జరీన్. విశాఖలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కేంద్రంలో ద్రోణాచార్య పురస్కారం పొందిన వెంకటేశ్వరరావు దగ్గర నేర్చుకుంది. విశాఖకు ఆ ఆట కొత్త కాదు. 2006 ప్రపంచ పోటీల్లో రజతం తెచ్చిన ఉష అక్కడి అమ్మాయే. 2019లో ఒలింపిక్ అర్హత పోటీకి ట్రయల్స్ లేకుండా మేరీ కోమ్‌ను పంపాలని బాక్సింగు సమాఖ్య ఆలోచన చేస్తే, అందరికీ ఒకే అవకాశం ఇవ్వండని నిఖత్ క్రీడా మంత్రికి లేఖ రాసింది. ఆరుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన ఆవిడ మీద ఇరవై మూడేళ్ల పిల్ల! డిసెంబరు 28న ఢిల్లీలో ట్రయల్ పెట్టారు. నిఖత్ 9-1తో ఓడింది. పోటీ అయ్యాక మేరీ కోమ్ చేయి కూడా కలపలేదు. పెద్దావిడ కోపానికి కారణాలు ఆవిడకున్నాయి, కానీ లేఖలో అడిగింది న్యాయమే.

2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ అమ్మాయి జుతామాస్‌ను 5-0తో ఓడించి నిఖత్ ప్రపంచ చాంపియన్ అయింది. మరుసటి ఏడు ఢిల్లీలో మళ్లీ గెలిచింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో రెండో పోటీలోనే చైనా అమ్మాయి వూ యూ చేతిలో ఓడింది, ఆ వూ యూ చివరికి స్వర్ణమే గెలిచింది. నిఖత్ గురించి రాసేవాళ్లు ఇస్తాంబుల్‌తో మొదలుపెడతారు. నేనైతే ఆ 9-1తో మొదలుపెడతాను.

సభ అయ్యాక తెర మీద మనీలా పోటీ వేస్తామన్నారు. పిల్లలూ, 14వ రౌండు అయ్యాక అందరూ అలీని చూస్తారు. మీరు ఫ్రేజియర్ మూల చూడండి, అక్కడ ఫచ్ ఉంటాడు.