సంతకు వచ్చు నెత్తళ్ళు



కర్నూలు, కడప సీమలకు సముద్రతీరము లేదు. అయినను చేపలు తిను ఇండ్లలో ఎండు నెత్తళ్ళు ఎరుగనివారు అరుదు. సంతలో గంపలకెత్తి అమ్ము ఈ చిన్న చేపను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

నెత్తళ్ళు సాధారణముగా 10 సెంటీమీటర్లకు మించి పెరుగవు. దేహము పలుచన, ప్రక్కన వెండి చార మెరయుచుండును. తీరమునకు దగ్గరగా, లోతు తక్కువైన నీటిలో గుంపులుగా తిరుగుచు, నీట తేలాడు సూక్ష్మజీవులను తినును. కోలగానుండు వీని గ్రుడ్లు సుమారు ఒక దినములోనే పొదుగును. ఏడాది లోపుననే ఈ చేపలు గ్రుడ్లు పెట్టు ఈడుకు వచ్చును. వీని ఆయువు ఒకటి రెండేండ్లు మాత్రమే. వంజరము వంటి పెద్ద చేపలకు ఇవి ఆహారము. ఎర్రసముద్రము మొదలు పసిఫిక్ మహాసముద్రపు పడమటి భాగము వరకు వీనిలో పెక్కు జాతులు కలవు. మన రాష్ట్రమున శ్రీకాకుళము నుండి నెల్లూరు వరకు తీరమంతట లభించును.

ఇందు మనకును సంబంధము కలదు. కర్నూలును ఒరసి పారు తుంగభద్ర కృష్ణలో కలిసి దివిసీమ వద్దను, కడప జిల్లాను దాటిన పెన్న నెల్లూరు జిల్లాలోను సముద్రమును చేరుచున్నవి. నదులు కొనిపోవు నేలసారముతో తీరజలములలో సూక్ష్మజీవులు వృద్ధి పొందును. వానిని తిని నెత్తళ్ళు పెరుగును. మన చేల సారములో కొంత ఈ చేప రూపమున మరల మన ముంగిటికి వచ్చుచున్నదనవచ్చును.

ముల్లుతో సహా తినుటచే మాంసకృత్తులతోపాటు ఎముకలకు బలమిచ్చు కాల్షియము లభించును. ఎదుగు బిడ్డలకు, గర్భిణీ స్త్రీలకు ఇది మేలైన ఆహారము. అయితే సరకు శుభ్రమైనది కావలెను. చక్కగా ఎండినది వంచిన పుటుక్కున విరుగును. తడి, బూజు, దుర్వాసన ఉన్నచో కొనరాదు. ఉప్పువేసి ఎండబెట్టినదానిని బాగుగా కడిగి వండవలెను. పురుగు పట్టకుండుటకై మందుపొడి చల్లుట ప్రాణాపాయము. దానిని ఎంతమాత్రము సాగనీయరాదు.

సంతలో ఆశీలు వసూలు చేయు పంచాయతీకి ఈ బాధ్యత కలదు. ఎండుచేపలు అమ్మువారు దుమ్ములో గోనెపట్టా పరచి కూర్చుండకుండ, ఎత్తైన అరుగు, పైన నీడ, చేరువలో మంచినీరు ఏర్పాటు చేయుడు. ఇది పెద్ద వ్యయముతో కూడినది కాదు.

మరియొక మాట. చేపల సంతానవృద్ధికై ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పుతీరమున యంత్రపు పడవల వేట నిషిద్ధము. ఆ దినములలో ధర పెరిగినచో అమ్ము స్త్రీలను నిందింపకుడు. ఆ విరామమే మరుసటి పంటకు విత్తనము.