సిమ్ రేసింగ్ స్టీరింగు: రేపటి దారి

కంప్యూటర్ తెర ఎదుట కూర్చొని, చేతిలో స్టీరింగు, కాళ్లకింద పెడళ్లు అమర్చుకొని మోటారు పందేలలో పాల్గొనే అభిరుచిని ‘సిమ్ రేసింగ్’ అంటారు. ఇది వట్టి కాలక్షేపమనే అభిప్రాయం చాలాకాలం ఉండేది. 2008లో మొదలైన ‘జీటీ అకాడమీ’ పోటీ ఆ అభిప్రాయాన్ని మార్చివేసింది. వీడియో ఆట ద్వారా ఎంపికైన స్పెయిన్ యువకుడు లూకాస్ ఆర్డోనెజ్, బ్రిటన్ యువకుడు జాన్ మార్డెన్‌బరో అనంతర కాలంలో లె మాన్స్ 24 గంటల పందెంలో నిజమైన కార్లు నడిపారు. కరోనా కారణంగా 2020 జూన్‌లో నిజమైన పందెం వాయిదా పడగా, అదే లె మాన్స్ పందెాన్ని వృత్తి చోదకులు, ఔత్సాహికులు కలిసి తెరమీదనే నిర్వహించుకున్నారు.

మనదేశం విషయంలో ఈ అభిరుచికి మరొక ప్రాధాన్యం ఉంది. చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు, గ్రేటర్ నోయిడా వంటి రేసు పథాలు మనకు వేళ్లమీద లెక్కించదగినన్ని మాత్రమే. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పందెం జరిగినప్పుడు దానిని చూచి ఉత్సాహపడిన పిల్లవాడు ఆ విద్య నేర్వాలంటే ఖర్చు తలకు మించినది. సామాన్య కుటుంబానికి ఆ రంగంలో కొంతవరకైనా అందుబాటులో ఉన్న ద్వారం ఈ స్టీరింగే. కనుక దీని భవిష్యత్తు ఎటు సాగుతుందన్నది ఆలోచించదగిన విషయం.

ఈ పరికరం పనిచేసే విధానం సులభంగానే బోధపడుతుంది. స్టీరింగు వెనుకనున్న పెట్టెలో ఒక విద్యుత్ మోటారు ఉంటుంది. తెరమీద కారు మలుపు తిరిగినప్పుడు, చక్రం గతుకులో పడినప్పుడు, టైరు పట్టు తప్పినప్పుడు ఆట కార్యక్రమం ఆ బలాన్ని లెక్కగట్టి మోటారుకు ఆజ్ఞ ఇస్తుంది. మోటారు స్టీరింగును మెలితిప్పుతుంది. చోదకుడు రోడ్డును కంటితో చూడడమే కాక చేతులతో గ్రహిస్తాడు.

పూర్వపు పరికరాలలో మోటారు బలాన్ని పళ్లచక్రాల ద్వారా అందించేవారు. 2006లో వచ్చిన లాజిటెక్ జీ25 ఈ కోవలోనిదే. 900 డిగ్రీలు తిరిగే ఆ స్టీరింగు ఎందరో ఔత్సాహికులకు మొదటి గురువు. కాని పళ్లచక్రాల మధ్య కొంత వదులు, కొంత శబ్దం తప్పవు. తరువాత రబ్బరు బెల్టు పద్ధతి వచ్చింది. దానిలో మృదుత్వం ఉన్నా సూక్ష్మమైన కదలికలను బెల్టే మింగివేస్తుంది. చివరకు మధ్యవర్తులందరినీ తొలగించి, మోటారు ఇరుసుకే స్టీరింగును బిగించారు. దీనినే ‘డైరెక్ట్ డ్రైవ్’ అంటారు. మొదట పారిశ్రామిక మోటార్లతో కొందరు ఔత్సాహికులు స్వయంగా నిర్మించుకొన్న ఈ పద్ధతిని 2018లో ఫనాటెక్ సంస్థ 20, 25 న్యూటన్ మీటర్ల భారీ యంత్రాలుగా విపణిలోకి తెచ్చింది. 2021లో అదే సంస్థ 5 న్యూటన్ మీటర్ల చిన్న యంత్రాన్ని తక్కువ ధరకు విడుదల చేసింది. అనతికాలంలోనే చైనా సంస్థలు పోటీకి దిగాయి. 2022లో లాజిటెక్ 11 న్యూటన్ మీటర్ల యంత్రంతో అదే బాట పట్టింది.

ఈ అంకెల భావం గ్రహించడం అవసరం. 30 సెంటీమీటర్ల వ్యాసం గల స్టీరింగుపై 2 న్యూటన్ మీటర్లంటే అంచువద్ద సుమారు 1.4 కిలోల బరువు లాగినట్లు. 20 న్యూటన్ మీటర్లయితే సుమారు 14 కిలోలు. అంత బలం అకస్మాత్తుగా తిరిగితే మణికట్టు బెణకగలదు. భారీ యంత్రాలతో అత్యవసరంగా ఆపివేసే మీట ఇవ్వడం అందుకే. మనిషి చేతికి హద్దు ఉన్నది గనుక బలం పెంచే పోటీ ఇక ఎంతో దూరం సాగదు. అసలు ప్రశ్న ఇక బలానిది కాదు, పొత్తుదని చెప్పక తప్పదు.

నిజమైన రేసు కార్లలో స్టీరింగును బిగించడానికి 70 మిల్లీమీటర్ల వలయంలో ఆరు బోల్టుల అమరిక చిరకాలంగా వాడుకలో ఉంది. సిమ్ స్టీరింగులు కూడా చాలావరకు దీనినే అనుసరిస్తాయి. ఇనుము విషయంలో కుదిరిన ఈ ఒప్పందం తీగల విషయంలో కుదరలేదు. ఒక సంస్థ స్టీరింగులోని మీటలు మరొక సంస్థ పెట్టెతో సాధారణంగా మాట్లాడవు. ప్రతిబలం పంపే పరికరాలకు 1999లోనే యూఎస్‌బీ సమాఖ్య ఒక ఉమ్మడి ప్రమాణం ప్రకటించినా, ఎవరి అదనపు భాష వారిదిగానే ఉన్నది. గేమ్ కన్సోళ్లయితే అనుమతి పొందిన పరికరాన్నే గుర్తిస్తాయి.

దీనివల్ల కొనుగోలుదారునికి కలిగే చిక్కు ఊహాజనితం కాదు. ఫనాటెక్ మాతృసంస్థ, జర్మనీకి చెందిన ఎండార్, 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అదే ఏడు సెప్టెంబరులో అమెరికాకు చెందిన కోర్సెయిర్ ఆ వ్యాపారాన్ని కొనడంతో వాడకందారులు ఊపిరి పీల్చుకున్నారు. కొనేవారే రాకుంటే విడిభాగాలు, సాఫ్ట్‌వేర్ సవరణలు ఎవరివ్వాలి? గట్టి ఇనుముతో చేసిన యంత్రం కూడా దానితో మాట్లాడే సాఫ్ట్‌వేర్ మూగబోతే పనికిరాని బరువే.

ఇందుకు సమాధానం ఔత్సాహికులే కొంత చూపారు. ‘ఓపెన్ ఎఫ్‌ఎఫ్‌బీ బోర్డ్’ వంటి ప్రయత్నాలలో నిర్మాణ చిత్రాలు, సాఫ్ట్‌వేర్ అందరికీ బహిరంగంగా లభిస్తాయి. పాత హోవర్‌బోర్డుల మోటార్లతో సొంత స్టీరింగు కూర్చుకొన్నవారూ ఉన్నారు. మన ఐటీఐలు, పాలిటెక్నిక్‌లలో మోటారు నియంత్రణ బోధించడానికి ఇంతకంటె ఆసక్తికరమైన అభ్యాసం అరుదు. ఇందులో నేర్చిన పని విద్యుత్ వాహనాలకు, యంత్రహస్తాలకు అక్కరకు వస్తుంది.

ముడిపదార్థం మాట కూడా ఉన్నది. ఈ మోటార్ల శక్తి నియోడిమియం అయస్కాంతాలలో ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని అరుదైన మృత్తికా మూలకాల, వాటి అయస్కాంతాల ఎగుమతిపై ఆంక్షలు విధించినప్పుడు ఈ ఆధారం ఎంత సన్ననిదో ప్రపంచానికి తెలిసింది. మన తూర్పు, దక్షిణ తీరాల ఇసుకలో మోనజైట్ ఖనిజం ఉంది. సమేరియం కోబాల్ట్ అయస్కాంతాలు తయారుచేసే కర్మాగారం విశాఖపట్నంలో 2023లో జాతికి అంకితమైంది. 2025 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 7,280 కోట్ల రూపాయలతో ఏటా 6,000 టన్నుల అయస్కాంతాల ఉత్పత్తి సామర్థ్యాన్ని నెలకొల్పే పథకాన్ని ఆమోదించింది. ఇది ఆటవస్తువుల కొరకు ఉద్దేశించినది కాదు. విద్యుత్ వాహనాలు, రక్షణ వంటి రంగాల కొరకు. అయినా పెద్ద కాలువ పారితే పక్క పొలమూ తడుస్తుంది.

మరమ్మతు హక్కు గురించి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ప్రత్యేక పోర్టల్ ప్రారంభించింది. ఆ స్ఫూర్తి ఈ చిన్న రంగానికీ విస్తరించాలి. కొనేవారు న్యూటన్ మీటర్లు ఎన్నని అడిగే ముందు, విడిభాగం దొరుకుతుందా, ఇతర సంస్థల స్టీరింగు ఇముడుతుందా, సంస్థ లేకున్నా యంత్రం పనిచేస్తుందా అని అడగడం నేర్వాలి. కొనుగోలుదారులు పట్టుబట్టిన ప్రమాణాన్ని ఉత్పత్తిదారులు ఎల్లకాలం నిరాకరించలేరు. భాషలు వేరైనా ఒకే రహదారిపై సాగే దేశానికి, పేర్లు వేరైనా ఒకే ఇరుసున ఇమిడే యంత్రాల విలువ వేరుగా చెప్పనక్కరలేదు.