రక్తపుపోటు – బ్రతుకు కొలత



ఆరోగ్యవిషయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను ఆజ్ఞాపించిరి. నేను వైద్యుడను గాను; బడిపంతులను. పరీక్షించుటయు, మార్కులు వేయుటయు నా వృత్తి. రక్తపుపోటుగలవారికి జరుగు పరీక్షలో ముఖ్యమైన ప్రశ్న యొకటి తఱచుగా విడిచిపెట్టబడుచున్నదని మాత్రము మనవి చేసెదను.

1896లో ఇటలీ దేశపు వైద్యుడు రివరొచ్చి చేతికి పట్టీ చుట్టి పోటును కొలుచు సాధనమును కల్పించెను. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కాఫ్ ఆ పట్టీక్రింద రక్తనాళపు చప్పుడును వినుట నేర్పెను. నాటినుండి అంకె తగ్గినచో రోగి బాగుపడెనని తలంచుట వాడుకయైనది. కాని యీ వ్యాధి తఱచుగా ఏ బాధయు తెలియనీయదు. బాధ యెఱుగనివాడు మాత్ర మొదలిడిన పిదప నీరసమో తలతిరుగుటో కలిగినచో, మందుకంటె రోగమే మేలని మాత్ర మానివేయును. అదుపు తప్పిన పోటు పక్షవాతమునకు దారితీయును; గుండెకును మూత్రపిండములకును చేటు తెచ్చును. ఇల్లు నడుపువాడు మంచము పట్టినచో ఆ కుటుంబము గతి యేమి? కావున అంకెతోపాటు బ్రతుకును గూడ కొలువవలయును.

1982లో బ్రిటనులో ప్రకటింపబడిన యొక పరిశీలనమున 75 మంది రోగులనుగూర్చి మూడు తెగలవారి నడిగిరి. అందఱును బాగుపడిరని వైద్యు లనిరి. రోగులలో ఇంచుమించు సగముమంది మాత్రమే మేలుగా నున్నదనిరి. ఇంటివారన్ననో, దాదాపు అందఱును మునుపటికంటె క్షీణించిరనిరి. ఓపిక సన్నగిల్లెననియు, చిరాకు హెచ్చెననియు చెప్పిరి. జవాబుపత్ర మొక్కటే, దిద్దినవారు ముగ్గురు, మార్కులు మూడు విధములు!

1986లో అమెరికాలో 626 మంది పురుషులకు కాప్టోప్రిల్, మెథిల్‌డోపా, ప్రొప్రనొలాల్ అను మూడు మందులలో నొక్కొక్కటి యిచ్చి, 24 వారములు గమనించిరి. పోటు మూడు తెగలలోను ఇంచుమించు సమానముగనే అదుపునకు వచ్చినది. కాని మనస్స్వాస్థ్యమునందును, పనిపాటులందును కాప్టోప్రిల్ పుచ్చుకొన్నవారు మెథిల్‌డోపావారికంటె మేలుగా నుండిరి. అనగా, ఒక మందు పడకున్నచో మఱియొకటి కలదు. మందు మానుట మార్గము కాదు.

పోటును మిక్కిలి తగ్గించిన మనిషి నీరసించిపోవునను భయము కొందఱికి కలదు. 50 ఏండ్లు నిండిన 9,361 మందిపై అమెరికాలో జరిగిన స్ప్రింట్ పరిశీలనమున, పై అంకెను 120కి లోపలకు తెచ్చుటకు యత్నించినవారికిని, 140తో సరిపెట్టినవారికిని దేహమనస్సుల స్థితిలో చెప్పదగిన భేదము కానరాలేదని 2017లో ప్రకటించిరి.

మఱి బ్రతుకును కొలుచు టెట్లు? ప్రపంచ ఆరోగ్యసంస్థవారి సంక్షిప్త ప్రశ్నావళిలో 26 ప్రశ్నలు కలవు. దేహము, మనస్సు, సాంఘికసంబంధములు, పరిసరములు అను నాలుగు విషయములందు గడచిన రెండువారముల స్థితిని అడుగుదురు. సంస్కృతమున "స్వస్థుడు" అనగా తనయందు తాను నిలిచినవాడు. సుశ్రుతుడును ఆత్మేంద్రియమనస్సుల ప్రసన్నతను ఆరోగ్యలక్షణములలో చేర్చెను. ఈ ప్రశ్నావళి ఆ నిలుకడనే వెదకుచున్నది.

అయితే ఒక్కమా రడిగిన చాలదు. మనుష్యుడు కష్టమునకు అలవాటుపడి, కొలబద్దనే మార్చుకొనును. నిరుడు మేడమెట్లు ఎక్కలేనని వగచినవాడు నేడు ఎక్కుటయే మాని "బాగున్నాను" అనును. కావున మందుకు ముందొకమాఱు, పిదప నియతకాలమున అవే ప్రశ్నలు వేసి, జవాబులను తేదీతో వ్రాసియుంచవలయును.

కార్యవర్గమువారికి నా విన్నపము: సభ్యులకు చిన్న పుస్తక మొకటి అచ్చువేయించి పంచుడు. ఒకప్రక్క పోటు అంకె. రెండవప్రక్క నిద్ర, నడక, పని, కోపతాపములు. మూడుమాసముల కొకమాఱు రోగి యొక గీటున, ఇల్లాలో కుమారుడో మఱియొక గీటున వ్రాయవలయును. ఆ పుస్తకమును వైద్యునికి చూపుడు. ఆయనతో చెప్పక మాత్ర మానకుడు. వచ్చు సంవత్సరము మహాసభకు మీరందఱును ఆ పుస్తకములతో రావలయునని కోరుచు, సెలవు గైకొనుచున్నాను.