పక్కన కూచుని చెప్పే మాట

ఇక్కడ చర్చికి వెళ్లే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. వేల్పులను కొలిచేవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ కొంచెం ఇబ్బందిగా ఉండే సంగతే మాట్లాడతాను. నేను కోయోణ్ణి, ఏసును నమ్మినోణ్ణి. రెండూ దాచుకోను.

కొన్నేళ్ల కింద పోలవరం ముంపు మండలాల్లో ఒక ఊరికి ముగ్గురం సువార్త చెప్పడానికి పోయాం. 2014లో తెలంగాణ నుంచి ఆంధ్రాలో కలిపిన మండలాల్లో ఊరది. వేపచెట్టు కింద ఒక తాత బుట్ట అల్లుకుంటున్నాడు. నేను ఎదురుగా నిలబడి, చేతిలో బైబిలు పట్టుకుని, "తాతా, మీరు రక్షణ పొందాలి" అన్నాను. తాత చాలాసేపు నా మొహం చూసి, "ఏ కాలనీకి పంపిస్తారు బాబూ?" అని అడిగాడు.

మేం నవ్వాం. అక్కడే తప్పు చేశాం. ఊరు మునిగిపోతుందని పదేళ్లుగా వింటున్న మనిషికి రక్షణ అంటే ఇంకేం గుర్తొస్తుంది? ఆయన మాట ఆయన జీవితంలోంచి వచ్చింది. నా మాట పుస్తకంలోంచి వచ్చింది.

ఇట్లాంటివి ఇంకా ఉన్నాయి. "మీరు పాపులు" అంటాం. మన ముసలోళ్లకు అది "నువ్వు దొంగవి" అన్నట్టు వినపడుతుంది. జీవితంలో ఒకరి చేను గట్టు జరపని మనిషిని పట్టుకుని మనం అనే మాట అది. "అన్యులు" అంటాం, సొంత మేనమామను! బైబిల్లో ఆ మాట ఎవరి గురించి, ఎందుకు వచ్చిందో మనకు పాస్టర్ చెప్పి ఉంటాడు. మామకు ఎవరు చెప్పారు?

బైబిల్లోనే ఒక కథ ఉంది, అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయంలో. లుస్త్ర అనే ఊళ్లో పౌలు ఒక కుంటివాణ్ణి నడిపిస్తాడు. జనం తమ సొంత లుకయోనియ భాషలో, దేవుళ్లే మనుషుల రూపంలో దిగొచ్చారని కేకలేస్తారు. బర్నబాను ద్యుపతి అంటారు, పౌలును హెర్మే అంటారు. పూజారి ఎద్దులను, పూలదండలను తీసుకొస్తాడు. అప్పటికిగాని వీళ్లిద్దరికీ సంగతి తెలిసి రాలేదు. బట్టలు చించుకుని, మేమూ మీలాంటి మనుషులమే అని గుంపులోకి పరిగెత్తారు. పౌలు అంతటోడికే ఊరి మాట దగ్గర పొరపాటు జరిగింది. పొగిడితే వద్దని దిగిపోయారు చూడండి, నాకు అది నచ్చుతుంది. మనల్ని ఎవరన్నా "అయ్యగారూ" అంటే దిగుతున్నామా?

19వ శతాబ్దంలో దుమ్ముగూడెంలో ఉన్న జాన్ కెయిన్ అనే ఇంగ్లీషు మిషనరీ కోయల మధ్య ఉండి మన ఆచారాల గురించి రాశాడు. ఆయన రాసినదంతా ఒప్పుకోనక్కర్లేదు, దొర చూపు దొర చూపే. కానీ సముద్రం దాటొచ్చినోడు మనల్ని తెలుసుకోవాలని కూచున్నాడు. కోయ ఇంట్లో పుట్టిన నేను కోయ తాతకు మైకు తెలుగులో ప్రసంగం చేశాను.

ఇక నా ఊళ్లో నేను చేసిన పని చెప్తాను. విత్తనాల పండగ, మన విజ్జ పండుం రోజు, ఇంటింటి నుంచి విత్తనాలు తెచ్చి ఒకచోట పెట్టారు. నేను దూరంగా నిలబడి "ఇది సైతాను పండగ, నేను రాను" అన్నాను. పూజ చేయనంటే ఊరు ఏమీ అనేది కాదు. కానీ ఊరికి అర్థమైంది వేరు. వీడికి మన విత్తనం వద్దు, మన వేట వద్దు, మనతో పొత్తు వద్దు అనుకున్నారు. ఆ కోపంలో చర్చి కుటుంబాలన్నిటినీ ఒక్క లెక్కలో కట్టేశారు. మేం ఊళ్లో సగానికి దగ్గర.

తర్వాత పోడు పట్టాల కోసం గ్రామసభ. 2006 అటవీ హక్కుల చట్టం నిబంధనల ప్రకారం సభకు కనీసం సగం మంది ఉండాలి. మమ్మల్ని ఎవరూ పిలవలేదు, మేమూ పోలేదు. అటు నుంచీ కొందరు రాలేదు. కోరం లేదని వాయిదా. ఆ ఏడాది దరఖాస్తులు కదల్లేదు. ఏ వేల్పూ చేయలేదు ఆ నష్టం, ఏసూ చేయలేదు. నా నోరు చేసింది.

వేల్పులను కొలిచే అన్నలకూ ఒక మాట. చర్చికి పోతే ఎస్టీ పోతుందని ఊళ్లలో తిప్పుతున్నారు. అది అబద్ధం. 1950 షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో ఉంది, రెండూ ఒకటి కాదు. డీలిస్టింగ్ అని అడిగేవాళ్లు మార్చమంటున్నది దాన్నే. మీ చెల్లెలు చర్చికి ఎందుకు పోయిందో ఎప్పుడన్నా అడిగారా? బియ్యం బస్తాకు పోయిందని అనేశారు. జ్వరంతో పిల్ల పడిపోయిన రాత్రి పక్కన ఎవరు కూచున్నారో ఆమెనే అడగండి.

పక్కన బస్తర్ చూడండి. తండ్రిని సొంత ఊళ్లో పాతిపెట్టుకోవడానికి ఒక కొడుకు సుప్రీంకోర్టు దాకా పోయాడు. 2025 జనవరిలో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. చివరికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న క్రైస్తవ శ్మశానానికి తీసుకుపొమ్మన్నారు. అన్నాళ్లూ శవం మార్చురీలోనే ఉంది. మన ఊళ్లలో అంతదాకా రాకూడదనే ఇంత చెప్తున్నా.

పోయినేడు విజ్జ పండుంకి పోయాను. మా ఇంటి సామలు ఒక చేట పట్టుకెళ్లాను. పూజ దగ్గర మొక్కలేదు, నీళ్లు మోశాను, కట్టెలు కొట్టాను. ఎవరూ మొక్కమని అడగలేదు. సాయంత్రం పెద్దాయన పిలిచి, "మీ ఏసు విత్తనాల కథ ఏదో చెప్పాడంట కదా, చెప్పరా" అన్నాడు. నేల మీద కూచుని కోయలోనే చెప్పాను. దారిలో పడ్డవి పిట్టలు తినడం, రాతి నేలలో పడ్డవి మొలిచి ఎండిపోవడం, మంచి నేలలో పడ్డవి నూరంతలు పండడం.

ఆయన బీడీ ఆర్పేసి, "రాతి నేలలో పండదని ఎవడన్నాడ్రా? మన కొండంతా రాళ్లే కదా, సామలు పండట్లేదా?" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా దగ్గర జవాబు లేదు, ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.