ఆగని వ్రాత
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



తరతరాలుగా పరభాషా ప్రాంతంలో కాపురముంటున్న మనకు, తెలుగులో ఉత్తరం ముక్క వ్రాయమంటేనే బద్ధకం. కాని వ్రాయకుండా ఉండలేనివారు కొందరున్నారు. వారిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

మూర్ఛ అంటే పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకోవడమనే మనకు తెలుసు. అయితే కణతల లోపల ఉండే మెదడు భాగం జ్ఞాపకానికీ, భావావేశానికీ, మాటను గ్రహించడానికీ నెలవు. అక్కడ మూర్ఛ పుడితే కొందరు పడిపోనే పోరు. కాసేపు శూన్యంగా చూస్తారు, పెదవులు చప్పరిస్తారు, అంతే. అట్టివారిలో ఏ కొద్దిమందికో, ఒక మూర్ఛకూ మరొక మూర్ఛకూ నడుమ రోజులలో, వ్రాయాలనే తపన పట్టుకుంటుంది. దినచర్యలు, నీతులు, పద్యాలు, జాబితాలు, వ్రాసిందే మళ్లీ వ్రాస్తూ పుస్తకాలకు పుస్తకాలు నింపుతారు. 1974లో అమెరికాలో నరాల వైద్యులైన వాక్స్‌మన్, గెష్విండ్ అనువారు ఇట్టి రోగులను గూర్చి వ్యాసం ప్రకటించారు. వారు దీనిని ‘హైపర్‌గ్రాఫియా’ అన్నారు. మనం ‘అతివ్రాత’ అందాము.

రష్యా నవలాకారుడు దొస్తొయెవ్‌స్కీ (1821–1881)కి మూర్ఛ ఉండేది. ‘ఇడియట్’ నవలలో కథానాయకుడు మిష్కిన్‌కు ఆ జబ్బునూ ఇచ్చాడు, చక్కని దస్తూరినీ ఇచ్చాడు. ఆయన వ్రాతకు జబ్బే కారణమని కొందరంటే మేము ఒప్పుకోము. అప్పులూ ఆయన చేత తక్కువ వ్రాయించలేదు. 1866లో ప్రచురణకర్త గడువుకు భయపడి ‘జూదరి’ నవలను నెల తిరగకుండా ముగించాడు. జబ్బు తపన ఇస్తే ఇవ్వవచ్చు, ప్రతిభ ఇవ్వదు.

ఇక మన ఇళ్ల సంగతి. పిల్ల రాత్రింబవళ్లు వ్రాస్తూంటే గాలి సోకిందంటాము, కాగితాలు పొయ్యిలో వేస్తాము. సంబంధం తప్పిపోతుందని ఫిట్స్ మాట దాచి, మందు మానిపిస్తాము. మందు హఠాత్తుగా మానడం ప్రాణానికే ముప్పు. ఎక్కువగా వ్రాసినంత మాత్రాన ఎవరూ రోగి కారు. కాని ఆ వ్రాతకు తోడు మధ్యమధ్య స్పృహ తప్పే లక్షణం ఉంటే, ఆ కాగితాలతో సహా నరాల డాక్టరుకు చూపండి. మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవులు పెట్టకండి, నోట్లో ఏమీ కుక్కకండి. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 5 నిమిషాలు దాటితే ఆస్పత్రికి తీసుకుపోండి.

మూర్ఛ ఉన్నవారి పెండ్లికి హిందూ వివాహ చట్టంలో ఉండిన అడ్డును 1999లోనే తీసివేశారు. మన మనస్సులలోని అడ్డు మాత్రం ఇంకా ఉన్నది.

ఉగాది పచ్చడిలో వేపపువ్వును మనం దాచము; అందరి ఎదుటా చేతిలో పెడతాము. ఈ చేదును కూడ అలాగే దాచకుండా పంచుకుందాము.

సెలవు.