ముందు ఒళ్లు, తర్వాతే బట్టలు



ఫ్రాన్స్‌లోని వెర్సాయ్‌లో ఓ అసంపూర్తి కాన్వాస్ ఉంది. ఫ్రెంచి విప్లవం మొదలవుతున్న రోజుల్లో, 1789 జూన్ 20న టెన్నిస్ ఆడే హాల్లో ప్రజాప్రతినిధులు చేసిన ప్రతిజ్ఞను జాక్ లూయీ డేవిడ్ దాని మీద వేయబోయాడు. మొదటిసారి చూస్తే నవ్వొస్తుంది. మిరాబో వంటి కొందరు ప్రతినిధుల ముఖాలకు రంగు పడింది; మెడ కింద మాత్రం ఒంటి మీద నూలుపోగు లేదు.

అది ఎగతాళి కాదు, నియోక్లాసికల్ చిత్రకారుల పద్ధతి. బరువు ఏ కాలి మీద పడుతోంది, చెయ్యెత్తితే భుజం ఎటు తిరుగుతోంది అన్నది ముందు నగ్న దేహం గీసి తేల్చుకునేవారు. కోటు ఆ తర్వాతే. ఒంటి తీరు తెలియకుండా బట్ట గీస్తే చిలక్కొయ్యకు తగిలించినట్టే ఉంటుంది. కుదిరిన బొమ్మ మీద గడులు గీసి, గడికి గడి చొప్పున కాన్వాస్ మీదికి పెంచేవారు.

డేవిడ్ శిష్యుడు ఆంగ్ర్ ఇంకా మొండివాడు. ‘సెయింట్ సింఫోరియన్ బలిదానం’ కోసం వేసిన అభ్యాస చిత్రాల్లో ఒకే మనిషికి అదనపు చేతులు కనిపిస్తాయి. ఏ భంగిమ నిలుస్తుందో పక్కపక్కనే గీసి చూసుకున్నాడన్నమాట. ఇంత చేసినా 1834లో విమర్శకులు ఆ చిత్రాన్ని చీల్చి చెండాడారు. డేవిడ్ కాన్వాస్ కథా కలిసిరాలేదు: విప్లవం మలుపులు తిరిగి, నిన్నటి వీరులు ద్రోహులయ్యారు, డబ్బూ సరిగా పోగవలేదు, పని ఆగిపోయింది.

కాబట్టి సాధన చేస్తే గెలుపు ఖాయమని నేను చెప్పను. కానీ పని నడిమధ్యలో ఆగినా, అప్పటిదాకా గీసింది దాని కాళ్ల మీద అది నిలబడాలి. వెర్సాయ్‌లో ఆ మనుషులు ఇప్పటికీ తూలకుండా నిలబడే ఉన్నారు.

చిత్రకళలో ఇవాళ పట్టా అందుకుంటున్న మీరు రేపు సినిమాకు స్టోరీబోర్డు వేసినా, గేముల కంపెనీలో చేరినా, పని ఇచ్చేవాళ్లు అడిగేది కోటే, అదీ సాయంత్రానికల్లా. ఇవ్వండి. కానీ దాని కింద ఒళ్లు గీయడం మానకండి. తప్పులన్నీ కాగితం మీదే చేయండి. అక్కడ చేస్తే ఖర్చు తక్కువ. ఆ కాగితాలు పారేయకండి. ఆంగ్ర్ తన వేలాది డ్రాయింగులను సొంతూరు మోంటోబాన్‌కు రాసిచ్చాడు. నేటి విద్యార్థులు కూడా వాటిని చూసి నేర్చుకోవచ్చు.